కొమ్ముల కింద గవ్వలు

విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కితే అరకు దాకా కాలు పెట్టే చోటుండదు. అరకులో పెట్టె సగం ఖాళీ. బైలాడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన లైను ఇది. రాళ్ల బండి ఎదురైతే మనుషుల బండి పక్కకు తప్పుకోవాల్సిందే. గీదంలో దిగేసరికి చీకటి పడింది.

స్టేషనుకి మా బావమరిది వచ్చాడు. చింతపండు వ్యాపారం అతనిది. "పులి ఫొటోల కోసం ఇంత దూరమా, బావా!" అని ఒకటే నవ్వు. అడవిలోకి వెళ్లి పులిని చూసే ఓపిక, ధైర్యం రెండూ లేనివాణ్ని. మ్యూజియం గోడ మీది ఫొటోలోనయినా చూద్దామనుకున్నాను.

మర్నాడు బస్సులో బస్తానార్ ఘాటు మీదుగా జగదల్‌పూర్. అక్కడి ధరంపురాలో ఆంత్రోపలాజికల్ సర్వే వారి మ్యూజియం ఉంది. పులి మాట అక్కడే మరిచిపోయాను. నన్ను నిలబెట్టేసింది ఒక తలపాగా. వెదురు అల్లిక బుట్ట, దానికి అటూ ఇటూ అడవిదున్న కొమ్ములు, నడుమ ఈకల కుచ్చు. ముందువైపు గవ్వల సరాలు ముసుగులా వేలాడుతున్నాయి. దండామి మాడియా తెగ మగవాళ్లు ఇది పెట్టుకుని, మెడలో పొడవాటి డోలు వేసుకుని ఆడతారు. ఆటలో ఒకరినొకరు దున్నల్లా కుమ్ముకోబోతారు. గీదం, బస్తానార్ చుట్టుపక్కల ఊళ్లు చాలావరకు వాళ్లవే.

(అడవిదున్న అంటే ఇంగ్లిష్‌వాళ్ల గౌర్, మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండేది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అడవి గేదె, అది వేరు. నేనూ చాలాకాలం కలిపేసుకున్నాను.)

ఈ మ్యూజియం పెట్టింది 1972లో. వేటను కట్టడి చేసిన వన్యప్రాణి సంరక్షణ చట్టమూ ఆ యేడాదిదే. దున్నకు చట్టం, కొమ్ములకు అద్దాల పెట్టె ఒకేసారి వచ్చాయన్నమాట. ఇప్పుడు ఆ కొమ్ములు తాత నుంచి మనవడికి రావలసిందే.

తిరుగు బస్సులో బావమరిది ఫోన్ తీసి "ఇదిగో నీ పులి" అన్నాడు. చెంద్రు! నారాయణ్‌పూర్ దగ్గర గఢ్‌బెంగాల్ ఊరి మురియా తెగ కుర్రాడు, పక్కన పులి. 1950లలో స్వీడన్ నుంచి వచ్చిన ఆస్ట్రిడ్ సుక్స్‌డార్ఫ్ ఇలాంటి ఫొటోలతో పుస్తకమే వేసింది. ఆమె భర్త ఆర్నె చెంద్రుతో తీసిన సినిమా 1957లో విడుదలైంది. అడవి ఫొటోలు తీసేవాళ్లు మనిషి పక్కకు తప్పుకునేదాకా కాచుక్కూర్చుంటారు. ఈవిడ మాత్రం కుర్రాణ్ని తప్పుకోమనలేదు. ఈ బస్తర్ ప్రాంతాన్ని చూపించే ఫొటో అంటే నా మట్టుకు అదే. స్వీడన్ దాకా వెళ్లొచ్చిన చెంద్రు మళ్లీ ఆ ఊళ్లోనే బతికి 2013లో పోయాడు.

కిరండూల్ బండి ఎక్కేవాళ్లకు ఒక్క మనవి: అరకులో దిగిపోకండి.