ఏడో సీటు

మా ఇంట్లో మేము ఏడుగురం. అమ్మ, మేమిద్దరం, మా ఇద్దరు అబ్బాయిలు, వదినగారు, ఆమె కుమార్తె. అన్నయ్య అల్లాహ్ సన్నిధికి చేరుకున్న నాటి నుండి వదినగారు, పాప మాతోనే ఉంటున్నారు. ఇల్లు సరిపోయింది, వంటగది సరిపోయింది. సరిపోనిది ఒక్కటే, మా పాత కారు. అందులో ఉన్నవి ఐదు సీట్లు.

ఎక్కడికి బయలుదేరినా వదినగారు ముందే చెప్పేవారు: "మీరు వెళ్ళి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను." ఆమె సహనాన్ని మెచ్చుకుంటూ మేము బయలుదేరేవాళ్ళం. ఆ మెచ్చుకోలు మా సౌకర్యానికి వేసుకున్న ముసుగని తెలుసుకోవడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

ఒక రంజాన్ పండుగ మరునాడు వదినగారి పుట్టింటివారు మా అందరినీ రాయచోటికి ఆహ్వానించారు. కడప నుండి రాయచోటికి సుమారు యాభై కిలోమీటర్లు, నడుమ గువ్వలచెరువు ఘాట్ రోడ్డు. వదినగారు, పాప ఉదయాన్నే ఆర్టీసీ బస్సులో బయలుదేరారు. మేము ఐదుగురం తర్వాత కారులో వెళ్ళాం. ఘాట్ మలుపులలో మా కారు ఒక బస్సును దాటింది. ఆ బస్సు కిటికీ దగ్గర కొత్త బట్టలతో కూర్చున్న మా పాప మమ్మల్ని చూసి నవ్వుతూ చేయి ఊపింది. మా అబ్బాయిలూ చేతులు ఊపారు. కారులో పెద్దవాళ్ళమెవరం మాట్లాడలేదు. ఆమె పుట్టింటికే ఆమెను బస్సులో పంపి, మేము కారులో వెళ్తున్నాం! ఆ రాత్రి ఇంటికి తిరిగి వచ్చాక, ఏడుగురు కూర్చునే బండి కొనాలని నిర్ణయించుకున్నాం.

మా వద్ద 4 లక్షల 30 వేల రూపాయలు ఉన్నాయి. పాత కారు అమ్మితే మరో లక్షా 20 వేలు వస్తాయి. మొత్తం 5 లక్షల 50 వేలు. కొత్త ఏడు సీట్ల కారు కావాలంటే అప్పు చేయక తప్పదు, ఆ అప్పుకు వడ్డీ కట్టక తప్పదు. ధర్మం నిషేధించిన వడ్డీతో ఇంటిల్లిపాదినీ మోసే బండిని తెచ్చుకోవడానికి మా మనసు ఒప్పలేదు. కనుక సెకండ్ హ్యాండ్ బండి అనే మాట మొదటి రోజే తేలిపోయింది.

ఆ తర్వాత అసలు పరీక్ష ఎదురైంది. ఒకచోట ఎనిమిది సీట్ల ఇన్నోవా అమ్మకానికి ఉందని తెలిసింది. విశాలమైన బండి, కానీ మా దగ్గరున్న దానికి రెండు లక్షలు తక్కువ. సంగతి వదినగారి చెవిన పడింది. వారసత్వ వాటాలు పంచిన తర్వాత పాప వాటాకు వచ్చిన సొమ్ము పాప పేర విడిగా ఉంది. "అందులోంచి తీయండి, పాప కూడా ఆ బండిలోనే కదా కూర్చునేది" అన్నారు వదినగారు. నిజం చెప్పాలంటే, ఒక సాయంత్రమంతా ఆ మాట మాకు సబబుగానే తోచింది. ఇషా నమాజు తర్వాత మళ్ళీ ఆలోచించాం. బండి మా పేరిట ఉంటుంది, ఏటేటా దాని విలువ తరుగుతుంది. పాప పెద్దదై తన సొమ్ము అడిగిన నాడు పాత ఇనుమును చూపించగలమా? అనాథల ఆస్తి విషయంలో దివ్య ఖుర్‌ఆన్ చేసిన హెచ్చరిక తెలిసినవాళ్ళమే. వదినగారికి కృతజ్ఞతలు చెప్పి ఇన్నోవా ఆశ వదులుకున్నాం.

మిగిలినవి మూడు. మారుతి ఈకో అన్నింటికన్నా చవక, పక్కకు జరిగే తలుపుల వల్ల ఇరుకు సందులలో దిగడం తేలిక. అయితే ఏడు సీట్ల రకంలో ఏసీ వచ్చేది కాదు. కడప ఎండలో అమ్మ వయసుకు అది కష్టం. 2019లో వచ్చిన రెనో ట్రైబర్ పొడవు నాలుగు మీటర్ల లోపే. చివరి రెండు సీట్లను తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. అయితే ఏడు సీట్లూ వేస్తే వెనుక సామానుకు మిగిలేది 84 లీటర్ల చోటు మాత్రమే. ఇంజిన్ ఒక లీటరుది. ఏడుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు తక్కువ గేరులో నిదానంగా వెళ్ళాలి. ఊరిలో తిరిగే కుటుంబానికి అది చక్కని బండి, మా దారి మాత్రం ఘాట్ దారి. మూడోది 2014 నాటి పెట్రోల్ ఎర్టిగా. ఇంజిన్ 1.4 లీటర్లు, సామానుకు 135 లీటర్లు. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి.

బండి చూడడానికి వెళ్ళినప్పుడు ఏడుగురం వెళ్ళాం. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, మోకాళ్ళ నొప్పితో ఎక్కడం దిగడం ఎలా ఉందో చూశాం. పద్నాలుగేళ్ళ మా పెద్దవాణ్ణి చివరి వరుసలో అరగంట కూర్చోబెట్టి, ఏసీ గాలి, కాళ్ళకు చోటు ఎలా ఉన్నాయో అడిగాం. ప్రతి సీటుకూ బెల్టు లాగి, పెట్టి చూశాం. తెలిసిన మెకానిక్ ఇంజిన్, క్లచ్ పరిశీలించాడు. ముందు బంపరు ఒకసారి దెబ్బతిని రంగు వేయించినట్లు అమ్మే సోదరుడు తానే చెప్పాడు. సరుకులోని లోపాన్ని దాచని ఆ నిజాయితీ మాకు ధైర్యమిచ్చింది.

బేరం 4 లక్షల 85 వేలకు కుదిరింది. మిగిలిన 65 వేలు టైర్లకు, బీమాకు, పేరు మార్పిడికి ఉంచుకున్నాం. పాత బండి కొనేవారు ఈ భాగాన్ని లెక్కలో మరచిపోకూడదు. ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు తీసుకోవాలి. బండిపై బ్యాంకు అప్పు ఉండి ఉంటే ఫారం 35, నిరభ్యంతర పత్రం అడగాలి. బీమాను 14 రోజులలోగా మన పేరుకు మార్పించుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే చెల్లుతుంది గనుక, ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయో చూసి ధర మాట్లాడాలి.

ఇక మిగిలింది ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది. ఏడు సీట్లున్నా అన్నీ ఒకటి కావు. చివరి వరుసలో కుదుపు ఎక్కువ, చోటు తక్కువ. మామూలుగా ఆ చోటు ఇంట్లో నోరు విప్పి అడగలేనివారికి దక్కుతుంది. వదినగారు అలవాటు ప్రకారం తలుపు తెరవగానే వెనక్కి వెళ్ళబోయారు. మేము ఆపాం. అమ్మ ముందు సీట్లో, వదినగారు, పాప, మా చిన్నవాడు నడి వరుసలో కూర్చున్నారు. మాలో ఒకరు నడిపితే, మరొకరు పెద్దవాడితో కలిసి చివరి వరుసలో కూర్చుంటాం. అప్పటి నుండి ఇదే పద్ధతి.

మొదటి ప్రయాణం రాయచోటికే. ప్రయాణ దుఆ చదువుకుని బయలుదేరాం. గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నాం. పొట్లాన్ని పాప చేతికిచ్చి పంచమన్నాం. అందరికీ పెట్టి, తన వాటా నోట్లో వేసుకుంటూ, "ఈసారి మనమంతా ఒకేసారి చేరుతామా?" అని అడిగింది.

"ఇన్షా అల్లాహ్" అన్నాం. వదినగారు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

పెద్ద కుటుంబంతో బండి కొనదలచిన సోదర సోదరీమణులకు మా మనవి ఇంతే. ధర, మైలేజీ చూడండి. వాటికంటే ముందు, ఇప్పటివరకు మీ ఇంట్లో "నేను ఉంటాను, మీరు వెళ్ళి రండి" అంటున్నవారెవరో గుర్తుచేసుకోండి. సీట్ల లెక్కను వారితో మొదలుపెట్టండి.