పైవాటా ఖాళీ అయింది

కొత్తవాళ్లు ఒకటో తారీఖున పాలు పొంగిస్తామన్నారు. ట్యాంకు కడిగించాను, కారే కుళాయిలకు వాషర్లు మార్పించాను. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి రెండు కుటుంబాలకూ పంపాను, రేపు బిల్లు దగ్గర మాట రాకూడదని.

మేకుల గుంతలకు లప్పం పెడుతున్న పెయింటరు వంటింట్లోంచి పిలిచాడు. గట్టు పక్కన గోడ మీద పెన్సిలుతో గ్యాస్ బండ మార్చిన తేదీలు, ఆరేళ్లవి, ఒకదాని కింద ఒకటి. మొదట్లో రెండు నెలలొచ్చిన బండ, బాబు పుట్టాక నెలన్నరకే అయిపోయింది. అన్నీ ఖాళీ చేసి వెళ్లిన అమ్మాయి గుండ్రటి చేతిరాతే.

రంగు వెయ్యక తప్పదు. కొత్తగా వచ్చే ఇల్లాలికి గోడ శుభ్రంగా ఉండాలి కదా! ఫోటో తీసి ఆ అమ్మాయికి పంపాను. "అక్కా, ఆ వంటిల్లు వదిలి రావడమే కష్టమైంది" అని వెంటనే జవాబు.

సాయంత్రానికి రెండో కోటు పడింది. గడపకి పసుపు మాత్రం నేనే రాస్తాను.