నాటకాలాడే ఆడవాళ్ళు

"నాటకాలాడకే!" అన్న మాట పడకుండా పెరిగిన ఆడపిల్ల మన ఇళ్ళల్లో ఉంటుందా? కడుపునొప్పి అంటే నాటకం, చదువుకుంటానంటే నాటకం, ఏడిస్తే మరీ పెద్ద నాటకం. మగపిల్లాడు అబద్ధమాడితే అల్లరి అంటారు. ఆడపిల్ల నిజం చెప్పినా నాటకమంటారు. మరి నిజంగానే నాటకమాడి బతికిన ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళ గురించి వెతుక్కోవడం నాకు మా అమ్మ వల్ల అలవాటయింది.

అమ్మది పాల్వంచ పక్కన పల్లె. 1950ల మొదట్లో కొత్తగూడెంలో సురభి వాళ్ళు డేరా వేస్తే, బండి కట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళారట. 'మాయాబజార్' చూసొచ్చిన అమ్మకి పద్యాలు నోటికొచ్చేశాయి. కళ్ళాపి చల్లుతూ పాడేది, పాలు పితుకుతూ పాడేది. ఓ రాత్రి అన్నాల దగ్గర "నేనూ వేషం కడతా" అందట. తాతయ్య ఏమీ అనలేదు. ఆ ఎండాకాలమే పెళ్ళి చేసేశాడు. అప్పటికి అమ్మకి పదమూడేళ్ళు. "పద్యం నోటికొచ్చినందుకు నాకు పెళ్ళయింది" అని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు వెనకాల ఏముందో అడిగే ధైర్యం నాకు చాలా ఏళ్ళు రాలేదు.

సురభి చరిత్ర మనకి తెలిసిందే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించడంతో మొదలైంది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజులవి. ఆ తర్వాత కాలంలో కూడా సత్యభామ అంటే స్థానం నరసింహారావుగారే. 1956లో ఆయనకి పద్మశ్రీ కూడా వచ్చింది. మగవాడు ఆడదానిలా నడిస్తే కళ. ఆడది ఆడదానిలా రంగస్థలమ్మీద నడిస్తే మాత్రం వంద అనుమానాలు! అలాంటి రోజుల్లో సురభి వాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే స్టేజీ ఎక్కించారు. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ కంపెనీయే కుటుంబం, కుటుంబమే కంపెనీ. పక్కన భర్త, ఎదురుగా మామ, తెర వెనక ఉయ్యాల్లో పసిబిడ్డ. ఇంటి గడప దాటకుండానే ప్రపంచంలోకి రావడం అది. వచ్చిన స్వేచ్ఛా ఆ గడపలోపలిదే.

ఆ కుటుంబాల్లోంచి వచ్చిందే సురభి కమలాబాయి, మన తొలి టాకీ నాయిక. 1907లో పుట్టిందంటారు. తల్లి నిండు గర్భంతో దమయంతి వేషం కట్టి ఆడుతుండగా నొప్పులొచ్చి, రంగస్థలమ్మీదే కమలాబాయిని కన్నదనీ, ముందు అదీ నాటకంలో భాగమే అనుకున్న జనం సంగతి తెలిశాక డబ్బులు కురిపించారనీ చెప్తారు. ఈ కథ నేను విన్న ప్రతిసారీ చెప్పేవాళ్ళ గొంతులో ఆశ్చర్యమే. తల్లి పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి ఎందుకు వేషం కట్టాల్సి వచ్చిందని అడిగినవాళ్ళూ లేరు. నొప్పులు పడుతున్న ఆడదాన్ని చూసి కూడా నటన అనుకోవడం మనకి ఎంత అలవాటో చూడండి!

కమలాబాయి చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు కట్టింది. పెద్దయ్యాక మగవేషాలూ వేసింది. హెచ్.ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. అందులో ఆమె ప్రహ్లాదుడి తల్లి లీలావతి. తర్వాత 'పాదుకా పట్టాభిషేకం', 'శకుంతల' వంటి సినిమాలు. 1951లో 'పాతాళభైరవి' నాటికి తోటరాముడి తల్లి. ఒకప్పుడు తానే ప్రహ్లాదుడైన పిల్ల, పాతికేళ్ళకి ప్రహ్లాదుడి తల్లయింది, నలభై నాలుగేళ్ళకి హీరో తల్లయింది. ఆ హీరో మాత్రం ఆ తర్వాత మూడు దశాబ్దాలు హీరోగానే ఉన్నాడు. స్టేజీ మీద మగవేషం కట్టగలిగిన మనిషికి సినిమా ఇచ్చిన చోటు ఇంతే.

ఇది మన దగ్గరే ఉందా అంటే, బ్రిటిష్ నటి ఫెలిసిటీ కెండల్ గుర్తొస్తుంది. ఆమె తల్లిదండ్రులు షేక్‌స్పియర్ నాటకాలతో మన దేశమంతా తిరిగారు. తొమ్మిది నెలల పసికందుగా ఆమెని స్టేజీ మీదకి ఎత్తుకెళ్ళారు. ఆ కుటుంబం బతుకు ఆధారంగానే 1965లో 'షేక్‌స్పియర్ వాలా' సినిమా వచ్చింది. ఆమె ఇంగ్లండు వెళ్ళి పేరు తెచ్చుకుంది. అక్క జెన్నిఫర్ ఇక్కడే ఉండి 1978లో భర్త శశికపూర్‌తో కలిసి బొంబాయిలో పృథ్వీ థియేటర్ నిలబెట్టింది. 1981లో అపర్ణాసేన్ తీసిన '36 చౌరంగీ లేన్'లో ఒంటరి టీచరుగా నటించింది. 1984లో పోయింది. కమలాబాయిలాగే వీళ్ళూ డేరా బతుకు పిల్లలే. తేడా ఒక్కటే. ఫెలిసిటీ 1998లో తన కథ తనే పుస్తకంగా రాసుకుంది. కమలాబాయి కథ మనదాకా పక్కవాళ్ళ నోటిమాటగానే ఎక్కువగా వచ్చింది.

నేను దుమ్ముగూడెం మండలంలో గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పాను. అప్పుడది ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. కోయపిల్లలకి పాఠ్యపుస్తకం తెలుగు పరాయి భాష. క్లాసులో ప్రశ్న అడిగితే తల వంచుకునేవాళ్ళు. అదే వేషం కడితే గొంతు ఎక్కణ్ణించి వచ్చేదో! ఓ ఏడాది వార్షికోత్సవానికి తునికాకు మీద నాటకం వాళ్ళే అల్లారు. ఎనిమిదో తరగతి పిల్ల బొగ్గుతో మీసం దిద్దుకుని కల్లేదారు వేషం కట్టింది. యాభై ఆకుల కట్టని తిప్పి తిప్పి చూసి, "చిరుగులున్నయ్, పో!" అని విసిరేసింది. కింద కూర్చున్న తల్లులు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఏటా ఆ మాట పడేది వాళ్ళే కదా. "ఆడపిల్లకి మగవేషమేంది?" అని ఇద్దరు పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయారు.

ఎండాకాలం సెలవులయ్యాక ఆ పిల్లని దిగబెట్టడానికి తల్లి వచ్చింది. "కల్లం కాడ మా కట్టలు పక్కన పడేస్తే, ఇది ముందుకుబోయి మళ్ళా లెక్కబెట్టించింది పంతులమ్మా. ఆని లెక్కనే మాట్లాడింది" అంది. ఎన్ని కట్టలు దక్కాయని అడిగాను. "సగం" అంది. కాసేపాగి, "ఈ యేడు గూడా నాటకం ఉంటదా?" అనడిగింది.

ఉంటదన్నాను.