దొర బంగళా, పండితుల ఇల్లు

గొప్పవాళ్లు నివసించిన ఇళ్లను చూసిరావడం చదువుకున్నవారికి ఒక రకం తీర్థయాత్ర. అక్కడ మంచం చూపిస్తారు, కుర్చీ చూపిస్తారు, కలం చూపిస్తారు. చూడవచ్చినవాడు చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, పుణ్యం కట్టుకున్నవాడిలాగా బయటికి వస్తాడు. ఆ మంచం మీద పడుకున్న మనిషి ఏం పని చేశాడు, ఎవరి శ్రమతో చేశాడు, దాని ఫలితం ఎవరికి దక్కింది అన్న ప్రశ్నలను మాత్రం చెప్పులతోపాటు గడప బయటే విడిచిపెడతాడు.

అలాగని పాత ఇళ్లను నిలపడం వ్యర్థమని నేను అనడం లేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు నిలిచి ఉన్నది. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిగిన ఇల్లు అది. ఆ పెళ్లికి వంటవాళ్లు రామన్నారు, నీళ్లు తెచ్చేవాళ్లు ముఖం చాటువేశారు. రాజ్యలక్ష్మమ్మ తానే నీళ్లు మోసి, తానే పొయ్యి ముందు కూర్చున్నది. గోడలకు సున్నం వేయించినంత మాత్రాన ఈ సంగతి కనబడదు. ఎవరో ఒకరు పూనుకుని చెప్పాలి. ఇల్లు సాక్ష్యం మాత్రమే. వాదించవలసిన బాధ్యత మనది.

నేను నరసరావుపేటలో తెలుగు పాఠాలు చెప్పుకునే అధ్యాపకుణ్ణి. వేసవి సెలవుల్లో, చరిత్ర చెప్పే మిత్రుడొకరితో కలిసి కడప వెళ్లాను. సి.పి. బ్రౌను ఉండిన చోటు చూడాలని మా ఉద్దేశం. విక్టోరియా కాలపు దొర బంగళా అనగానే మన మనసులో ఒక బొమ్మ కడుతుంది: ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, లావుపాటి స్తంభాలు, లోపల ఊగే పంకా. ఆ పంకా తాడు లాగుతూ గోడవతల కూర్చున్న మనిషి మాత్రం ఆ బొమ్మలో ఎప్పుడూ ఉండడు. ఎర్రముక్కపల్లిలో ఇప్పుడు అలాంటి బంగళా ఏదీ లేదు. ఉన్నది ఆధునికమైన గ్రంథాలయం. బీరువాల్లో పుస్తకాలు, తాళపత్రాలు. గోడమీద బ్రౌను చిత్రపటం. కింద బల్లల దగ్గర పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు.

మా మిత్రునికి ఇది నచ్చలేదు.

"ఏం మాస్టారూ, పాత బంగళాను పాతట్టే తిరిగి కట్టి ఉంటే ఎంత బాగుండేది! చూడ్డానికొచ్చినవాడికి ఆ కాలం కళ్లకు కట్టేది కదా" అన్నాడు.

"ఎవరి కాలం కళ్లకు కట్టాలంటారు? దొరదా, పండితులదా?" అన్నాను.

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు గాని, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

బ్రౌను 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు చేరి, 1820లో కుంఫిణీ ఉద్యోగిగా కడప వచ్చాడు. తెలుగు చదువు మద్రాసులో మొదలైనా అక్కడ కూడా సాగింది. తరవాత ఆ ఊళ్లోనే తోటతో సహా ఒక బంగళా కొన్నాడు. పండితులను, లేఖకులను చేరదీసి, వాళ్లకు జీతాలిచ్చి, అక్కడ గ్రంథాలను పరిష్కరింపజేశాడు. జనం దాన్ని బ్రౌను కాలేజీ అన్నారు. బళ్లూ, పరీక్షలూ, పట్టాలూ లేని కాలేజీ అది. ఊరూరి నుంచీ తెప్పించిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకోవడం, పాఠాలు పోల్చడం, తప్పులు ఏరడం, శుద్ధప్రతి రాయడం: ఇదే అక్కడి నిత్యకృత్యం. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు అతని దగ్గర పనిచేశారు. ఈ పనికోసం బ్రౌను సొంత డబ్బు ఖర్చుపెట్టాడు, చాలనప్పుడు అప్పులు చేశాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయినాయి. 1852 నాటికి మహానిఘంటువు వెలువడింది. 1855లో అతను ఇంగ్లండు వెళ్లిపోయాడు. తరవాత లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడై, 1884లో మరణించాడు.

ఇక్కడ మన విమర్శకులు రెండు రకాల తొందరపాటు చూపిస్తారు. కొందరు బ్రౌనును దేవుణ్ణి చేసి, తెలుగును అతనే బతికించాడంటారు. మరికొందరు అతను పరాయి పాలకుడు కాబట్టి అతని పని అంతా పాలన సౌకర్యం కోసమేనని కొట్టిపారేస్తారు. రెండు వాదాలలోనూ పండితుడు మాయమవుతాడు. ఒక పద్యానికి పది ప్రతులు చూసి, ఏ పాఠం సరైనదో తేల్చినవాడు అప్పయ్య వంటివాడు. దానికి జీతమిచ్చి, అచ్చువేయించి, నిఘంటువులోకి ఎక్కించినవాడు బ్రౌను. ఆ జీతం తాలూకు రూపాయి ఎక్కడిది? కుంఫిణీ ఉద్యోగికి వచ్చే జీతం రైతు కట్టిన శిస్తులోంచి వచ్చినదే. కనక నిఘంటువు వెనక దొర ఉన్నాడు, పండితుడు ఉన్నాడు, వాళ్లిద్దరి వెనకా పేరు లేని రైతు ఉన్నాడు. ముగ్గురినీ కలిపి చూసినప్పుడే ఆ ఇంటి చరిత్ర పూర్తవుతుంది.

ఆ రైతు మాకు పరాయివాడు కాడు. 1832–33లో వచ్చిన నందన కరువు గుంటూరు మండలాన్ని తుడిచిపెట్టింది. అయిదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది పోయారని లెక్కకట్టారు. మా పల్నాడు ఆ మండలంలోనిదే. ఆ కరువు రోజుల్లో బ్రౌను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తిండిగింజల కొరత, ఇబ్బంది అనే మెత్తని మాటలు ప్రభుత్వ కాగితాలకు ఇంపుగా ఉంటాయి. బ్రౌను మాత్రం కరువును కరువనే రాశాడు. పైవాళ్లకు అది రుచించలేదు. నిఘంటువు రాసినవాడికి మాట విలువ తెలుసు. ఒక మాట రాస్తే గంజి కేంద్రం తెరవాలి, మరొక మాట రాస్తే శిస్తు వసూలు చేయవచ్చు. పాలకులకు పర్యాయపదాల మీద ఉండే ప్రేమ మనం ఈనాడూ చూస్తూనే ఉన్నాం. బ్రౌనును గౌరవించడానికి అతని నిఘంటువు ఎంత కారణమో, ఈ ఒక్క మాట కూడా నాకు అంతే కారణం.

బ్రౌను సేకరించిన తాళపత్రాలు అతని జీవితకాలంలోనే మద్రాసుకు చేరాయి. కడప బంగళా చేతులు మారింది, శిథిలమైంది, చివరకు మొండిగోడలు మిగిలాయి. బంగోరె వంటి పరిశోధకులు బ్రౌను జాబులను వెదికి అచ్చువేసి అతన్ని మళ్లీ మన ముందు నిలబెట్టారు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ మొండిగోడల చోట గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టి, చందాలు పోగుచేశారు. 1987లో శంకుస్థాపన జరిగింది. 1995లో గ్రంథాలయం తెరిచారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చి, భాషా పరిశోధన కేంద్రమైంది. కడప జిల్లా గ్రామాల మెకంజీ కైఫీయత్తులు ఆ కేంద్రమే సంపుటాలుగా ప్రచురించింది. అంటే ప్రతులు పోల్చే పని, శుద్ధప్రతి తీసే పని ఆ స్థలంలో మళ్లీ మొదలైంది. బంగళా ఆకారం పోయినా అక్కడి వృత్తి తిరిగి వచ్చింది. పాత స్తంభాలను అచ్చుగుద్దినట్టు కట్టి, లోపల ఖాళీ కుర్చీ ఒకటి తాడుకట్టి చూపించడం కన్నా ఇది మేలైన జీర్ణోద్ధారణ కాదా?

నాగార్జునకొండను చూసిన పల్నాటివాడికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1955 డిసెంబరులో నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది. లోయ మునగకముందే తవ్వకాలు సాగించారు. తొమ్మిది కట్టడాలను కొండమీద తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటి నమూనాలను మాచర్ల దారిలో అనుపు దగ్గర కట్టారు. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతోనే మా మెట్టచేలు మాగాణులైనాయి. మా తరం చదువుకున్నది కూడా ఆ పంటల చలవతోనే. అందుచేత డ్యాము కట్టకూడదని నేను అనలేను. కాని ఇటుక ఇటుకా లెక్కపెట్టి కొండెక్కించిన శ్రద్ధ, అదే లోయలో ఉండిన పుల్లారెడ్డిగూడెం మీద చూపించామా? ఇక్ష్వాకుల మండపాలకు మ్యూజియం ఉన్నది. గూడెంలోని పూరిళ్ల నమూనా ఒక్కటైనా అక్కడ లేదు. ఏది నిలుపుతామో, ఏది ముంచుతామో నిర్ణయించడంలోనే మన వర్గదృష్టి బయటపడుతుంది.

మా ఊళ్లలోనూ తెల్లదొరల కాలపు ముసాఫరు బంగళాలు, మిషను బంగళాలు ఉన్నాయి. కొన్నిటికి రంగులు వేసి, కొత్త గదులు తగిలిస్తున్నారు. కొన్నిటిని కూలగొట్టి దుకాణాలు కడుతున్నారు. ఎవరైనా వాటిని కాపాడదామంటే నేను చేయి కలుపుతాను. అయితే ఒక షరతు: అక్కడ ఏ దొర విడిదిచేశాడో రాసిన పలక పక్కనే, వంట చేసినవాళ్ల సంగతి, పంకా లాగినవాళ్ల సంగతి, అర్జీ పట్టుకుని బయట ఎండలో నిలబడ్డ రైతు సంగతి రాసిన పలక కూడా ఉండాలి.

అంతకన్నా ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. ఏటా కార్తికంలో కారంపూడిలో వీరుల తిరునాళ్లు జరుగుతాయి. పల్నాటి వీరుల కథను తరతరాలుగా నోట నిలిపినవారు అక్కడి వీరవిద్యావంతులు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చువేయించారు. ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారం చేసుకుని అమెరికా పండితుడు జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషు గ్రంథం ప్రకటించాడు. బ్రౌను తరవాత నూరేళ్లకు కూడా ఆ శ్రమ పడడానికి మరొక పరాయివాడే రావలసివచ్చింది. గాయకుల ఇల్లు ఎక్కడుందో ఏ యాత్రికుడూ అడగడు. ఏ శాఖా దానికి పలక తగిలించదు. ఆ ఇంటి తాటాకు కప్పు కింద ఉన్నది గ్రంథాలయమేనని ఒప్పుకోవడానికి మన చదువు అడ్డమొస్తుంది.

నా తరగతిలోని పిల్లల జేబుల్లో ఇప్పుడు శబ్దం పట్టే యంత్రాలున్నాయి. వచ్చే కార్తికంలో వాళ్లను తిరునాళ్లకు తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాను. పాడినవారికి పాడినందుకు డబ్బివ్వాలి. పట్టిన కథ ప్రతి ఒకటి వాళ్ల చేతికే ఇవ్వాలి. ఏ చరణం ఎవరు పాడారో పేరుతో సహా రాసుకోవాలి. తరవాత ఆ పాఠాన్ని అచ్చుప్రతితో పోల్చి చూడాలి. బ్రౌను బంగళాలో పండితులు చేసిన పని ఇదే. దీనికి బంగళా అక్కరలేదు. రెండు బల్లలు, నాలుగు చేతులు, జీతం ఇవ్వగల సంస్థ ఒకటి ఉంటే చాలు. మొదటి రెండూ మా కళాశాలలో ఉన్నాయి. మూడోదానికోసం అడుగుతూ ఉంటాం.