పొరుగురాజ్యపు తిరుగుబాటు

ఒక దేశమున ప్రజలు ప్రభుత్వముపై తిరుగబడినప్పుడు ఇతరదేశములు సైన్యముతో లోనికి పోవచ్చునా యను ప్రశ్న పత్రికలలో చదువునప్పుడు మనకు దూరపు ముచ్చటగా తోచును. కాని గత సెప్టెంబరులో పాలమూరులోని మా తరగతిలో చరిత్రపాఠము జరుగుచుండగా ఒక బాలిక లేచి, "సార్, 1948లో వచ్చిన సైన్యము మనదా, పరాయిదా?" అని యడిగెను. పుస్తకములోని యుత్తరము నోటిదాక వచ్చినది గాని చెప్పలేకపోతిమి. మేము పుట్టినది నల్లగొండ సీమలోని యొక పల్లె. ఆ ప్రశ్న మా యింటి గడపమీదిది.

కథ చదువరులకు తెలిసినదే. వెట్టిచాకిరికిని, దేశముఖుల దౌర్జన్యమునకును ఎదురు నిలిచిన నల్లగొండ రైతులు సంఘముగా కూడిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలికాగా ఆ కదలిక సాయుధపోరాటమయ్యెను. పిమ్మట కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై పడిరి. 1948 ఆగస్టులో నిజాము ప్రభుత్వము భారతదేశముపై తన మొరను ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి పంపుకొనెను. సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. ఢిల్లీ ప్రభుత్వము దానిని పోలీసుచర్య యనెను. నిజాము ప్రతినిధులు దండయాత్ర యనిరి. పోలీసులన్నచో ఇది యింటి వ్యవహారము. దండయాత్ర యన్నచో పరరాజ్యపు వ్యవహారము. నేటికిని ఆ దినమును ఒకరు విమోచనమనియు, ఒకరు విలీనమనియు, ఒకరు సమైక్యత యనియు పిలుచుచున్నారు.

అప్పుడు మా నాయనమ్మకు పదునెనిమిదేండ్లు. రజాకార్లు వచ్చుచున్నారనగానే గింజలు పాతరలో దాచి, జొన్నచేలలో రాత్రులు గడిపినవారిలో ఆమె యొకతె. బెజవాడ బాటను సూర్యాపేట మీదుగా యూనియను సైన్యము వచ్చినదని విని ఊరంతయు చేతులెత్తి మ్రొక్కినదట. ఆ మ్రొక్కు అబద్ధము కాదు. కాని ఆమె కథ నక్కడ ముగించెడిది కాదు. సంఘములో తిరుగుచు రజాకార్లకు చిక్కకుండిన ఆమె యన్న అటుపిమ్మట రెండేండ్లు నిర్బంధశిబిరములో నుండెను. సైన్యము వచ్చిన ఆ వారముననే ఒకరాత్రి మా వాడలోని ముసల్మాను దర్జీ భార్యాబిడ్డలతో వచ్చి మా తలుపు తట్టెను. అతడు రజాకారు కాడు. మా యింటి పెండ్లిబట్టలు కుట్టినవాడు. మావారు భయపడి తలుపు తీయలేదు. తెల్లవారునప్పటికి ఆ కుటుంబము ఊరిలో లేదు. "మిలట్రీ వచ్చిందని మొక్కినం బిడ్డా, మా తలుపు మేమే తియ్యకపోతిమి" అని మా నాయనమ్మ చివరి యేండ్లలో పలుమారు చెప్పి కన్నీరు పెట్టెడిది.

ఇది మా యొక్క యింటి కథ కాదు. ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ సంఘము 1948 చివర సంస్థానమున తిరిగి, సైన్యప్రవేశకాలమునను పిదపను 27 వేలనుండి 40 వేల మంది చనిపోయియుందురని యంచనా వేసెను. ఘోరములెక్కువ జరిగినది పడమటి జిల్లాలలో. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. ఇక రజాకార్ల నణచవచ్చిన తుపాకులు పిదప రైతుసంఘములవైపునకే తిరిగినవి. 1951 అక్టోబరులో గాని ఆ పోరాటము నిలువలేదు. రెండవ పక్షమును చెప్పవలెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. 1952లో నల్లగొండ ప్రజలు ఆ పోరాటపు నాయకుడైన రావి నారాయణరెడ్డినే గొప్ప ఆధిక్యముతో పార్లమెంటునకు పంపిరి. తుపాకితో వచ్చిన ప్రభుత్వము ఓటు నిచ్చెను. ఆ ఓటు తనకు ఎదురుగా పడినను ఓర్చుకొనెను.

వాల్మీకి రామాయణమున బాణపుదెబ్బ తిని పడిన వాలి, నీ రాజ్యములో నేనేమి యపరాధము చేసితినని రాముని నిలదీయును. అన్నదమ్ముల కలహమున నీకేమి పని యని దాని భావము. రాముడు చెప్పిన సమాధానములలో ఒకటి మిక్కిలి గమనింపదగినది: ఈ భూమి ఇక్ష్వాకులది, భరతుని యాజ్ఞ ఇక్కడను చెల్లును అని. అనగా ఇది పరరాజ్యము కాదు, ఇంటి దండనమే యని. పోలీసుచర్య యను మాట అంత పాతది! అయినను వాలి ప్రశ్నను కవి దాచలేదు. చనిపోవువానిచేత నిండుగా పలికించెను.

పోకుండుటయు పాపమే కావచ్చును. 1994లో రువాండాలో నరమేధము జరుగుచుండగా ఐక్యరాజ్యసమితి తన బలగమును పెంచుటకు మారుగా తగ్గించెను; కొన్ని లక్షలమంది నూరుదినములలో హతులైరి. పోవుటయు పాపమే కావచ్చును. 1987లో శాంతిరక్షణకని శ్రీలంకకు పోయిన మన సైన్యము తమిళపులులతోనే పోరి, వెయ్యిమందికి పైగా సైనికులను పోగొట్టుకొని 1990లో మరలెను. 1971 డిసెంబరులో తూర్పు బెంగాలునకు పోయిన సైన్యమో, పని ముగించుకొని మరుసటి మార్చికి వెనుకకు వచ్చెను. పిట్టపోరు పిల్లి తీర్చినదను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. తీర్పరి ఆకలితో వచ్చెనా యని చూడుమనుటయే దాని తాత్పర్యము.

కావున మేము నమ్మునది యిది. పొరుగున ఇల్లు తగులబడునప్పుడు గోడ దూకుట తప్పు కాదు. దూకువాడు ఆ యింటివారి కేక విని దూకవలెను. ఆర్పినపిమ్మట ఆ యింట కాపురముండరాదు. ఉండక తప్పనిచో ఇంటివారిమాట చెల్లనీయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఓడినపక్షపు నిరపరాధిని తనవారివలెనే కాపాడవలెను. చేసినదానికి లెక్క చెప్పవలెను. లెక్క దాచినవాని ధర్మము సగమే.

మరునాడు తరగతిలో ఈ మాటలనే సులువుగా చెప్పి, "వచ్చినది మనవారే, అమ్మా. మనవారు గనుకనే లెక్క యడుగవలెను" అంటిమి. మా యింటి తలుపు సంగతియు దాచలేదు. ఆ బాలిక కొంతసేపూరకుండి, "ఆ దర్జీవాళ్లు ఏమైన్రు సార్?" అని యడిగెను. దానికి మా యొద్ద ఉత్తరము లేకపోయెను.