సారె లేని కుమ్మరి ఊరు

మన ఊళ్లలో కుమ్మరి ఇంట ముందు కనిపించేది సారె. మట్టి తొక్కడం, నీళ్లు మోయడం, కుండలు ఆవానికి చేర్చడం... చాకిరీలో సగం ఆడవాళ్లదే. సారె మీద మాత్రం వాళ్లు చెయ్యి వెయ్యకూడదన్నది పాత కట్టుబాటు.

మణిపూర్‌లోని ఆండ్రోలో ఆ గొడవే లేదు. ఇంఫాల్‌కి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కొండల అంచున ఉన్న ఈ ఊళ్లో కుండలు చేసేది ఆడవాళ్లే. సారె అసలు వాడరు. రొట్టెలా పరిచిన మట్టిని గొట్టంలా చుట్టి పీట మీద నిలబెడతారు. అంచుకి తడిగుడ్డ ఆనించి, దాని చుట్టూ తామే తిరుగుతారు. కుండ కదలదు, మనిషే చక్రం! తర్వాత లోపల దన్ను పెట్టి, బయట చెక్కతో తట్టితట్టి గుండ్రంగా తెస్తారు. కాల్చడానికి బట్టీ ఉండదు. ఆరుబయట గడ్డీ, కట్టెలూ పేర్చి నిప్పు పెట్టడమే. నిప్పంటే గుర్తొచ్చింది... ఊరి గుడిలో తరతరాలుగా ఆరనివ్వని నిప్పొకటి ఉంది. ఇంటింటివాళ్లూ వంతులేసుకుని దాన్ని కాస్తుంటారు.

ఇలాంటి విద్యే ఉన్న థోంగ్‌జావో గ్రామానికి చెందిన నీలమణి దేవికి 2007లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం సరే, గిరాకీ? పుట్టుక నుంచి చావుదాకా మైతేయ్‌ల తంతులకి మట్టిపాత్ర కావాల్సిందే. కానీ తంతులు రోజూ రావుగా! రోజువారీ వంటింట్లో అల్యూమినియం, స్టీలు ఎప్పుడో చేరిపోయాయి. 2023 మేలో చెలరేగిన హింసతో పర్యాటకులూ తగ్గిపోయారు.

ఆండ్రోలోనూ ఓ కట్టుబాటుంది. పెళ్లయిన ఆడవాళ్లే కుండ చెయ్యాలి. కాలేజీకెళ్లే పిల్ల అప్పటిదాకా అమ్మ పక్కన కూర్చుని చూడాల్సిందే. ఈలోగా ఉద్యోగమో, వేరే ఊరి సంబంధమో వస్తే... కుండ చుట్టూ ఆ నడక ఎవరు నడుస్తారు?