పొగ లేని రాగి

మోటార్ వైండింగ్ చేసేవాడికి రాగి రెండుసార్లు కనబడుతుంది. కొత్త తీగ చుట్ట విప్పినప్పుడు ఒకసారి, కాలిపోయిన స్టేటర్‌లోంచి నల్లగా ఊడి వచ్చినప్పుడు ఇంకోసారి. పటాన్‌చెరులో నా షాపుకు వోల్టేజీ దెబ్బకు కాలిన బోరు మోటార్లు సంగారెడ్డి, సదాశివపేట, జిన్నారం పల్లెల నుంచి వచ్చేవి. పంపులు, బ్లోయర్లు పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి. పాత రాగిని తూకం వేసి దాని ధర బిల్లులో తగ్గించడం మా దగ్గర రివాజు. కాబట్టి రాగి రేటు అడగకుండా మాకు పొద్దు గడిచేది కాదు. వీధి చివర స్క్రాప్ సేఠు షట్టర్ ఎత్తగానే ఫోన్‌లో లండన్ మార్కెట్ ధర చూసి, టన్ను డాలర్లను కిలో రూపాయల్లోకి నోటి లెక్కతో మార్చి చెప్పేవాడు.

ఆ సేఠు దుకాణంలో నా కళ్లెప్పుడూ వైర్ల గుట్ట మీదే ఉండేవి. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది, 1972లో ఇక్రిశాట్ వచ్చింది, ఆ తర్వాత పటాన్‌చెరు నుంచి గడ్డపోతారం దాకా పారిశ్రామికవాడలు లేచాయి. ఇన్ని ఫ్యాక్టరీలున్నచోట ఎక్కడో ఒకచోట ప్యానెల్ మారుతూనే ఉంటుంది, షెడ్డు కూలుతూనే ఉంటుంది. మూతపడ్డ ఫ్యాక్టరీలో ముందు యంత్రాలు అమ్ముడుపోతాయి, తర్వాత గోడల్లోని కేబుళ్లు బయటికొస్తాయి. వాటికి ఇళ్ల వైరింగు, పాత టీవీల తీగలు, కంప్యూటర్ తీగలు, బండ్ల వైరింగు తోడవుతాయి. తొక్క ఉన్న వైరుకు ఒక ధర, తొక్క తీసిన రాగికి ఇంకో ధర. ఆ రెండింటి మధ్య తేడా కోసమే నిప్పు పెట్టేవాళ్లు.

కాల్చడం రాత్రి పది దాటాక మొదలయ్యేది. ప్రహరీల వెనక, తుమ్మచెట్ల మధ్య ఖాళీ జాగాలో పాత టైరు ముక్క అంటించి, దాని మీద వైర్ల చుట్టలు పడేసేవాళ్లు. నేను షాపు కట్టేసి ఇంటికి పోతుంటే ఆ పొగ గొంతులో గుచ్చుకునేది. పీవీసీ కాలితే వచ్చే ఆమ్లపు ఘాటు అది. తెల్లారి మంట చల్లారాక పిల్లలు, ఆడవాళ్లు కర్రలతో కొట్టి మసి దులిపి, తీగను మూట కట్టి కాంటాకు తెచ్చేవాళ్లు. వేరే ఊళ్లో అయితే ఈ వాసన వెంటనే పట్టుబడేది. మా దగ్గర మందుల ఫ్యాక్టరీల వాసన అప్పటికే గాల్లో ఉండేది కాబట్టి, ఏ రాత్రి ఏ వాసనో చెప్పడం కష్టం. ఆ ఫ్యాక్టరీల వల్ల నక్కవాగుకు పట్టిన కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. వాగు నీళ్లకు సాక్ష్యం ఉంది, సీసాలో పట్టి చూపొచ్చు. రాత్రి పొగను ఎవరు సీసాలో పడతారు?

ఆ పొగ సంగతి నాకు తర్వాత చదువుకున్న పిల్లలు చెప్పారు. శుద్ధమైన పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే ఉంటుంది. అది అరకొరగా కాలేటప్పుడు డయాక్సిన్లు పుడతాయి, పక్కనున్న రాగి ఆ పుట్టుకను ఇంకా వేగం చేస్తుంది. ఒంట్లో చేరిన డయాక్సిన్ సగం తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంతా చేసి, కాల్చిన రాగికి ధర కూడా తక్కువే. తళతళలాడే తీగను మా వ్యాపారంలో మిల్‌బెర్రీ అంటారు. మంటలో పడి నల్లబడ్డది ఆ లెక్కలోకి రాదు.

లావు కేబుల్ అయితే కాల్చాల్సిన పనే లేదు. కత్తితో నిలువునా చీల్చి తొక్క వలవొచ్చు, లేదా స్ట్రిప్పింగ్ మిషన్‌లో పెట్టి లాగొచ్చు. చిక్కంతా సన్న తీగలతోనే. చార్జర్ తీగలు, టెలిఫోన్ తీగలు, బండి వైరింగు వలవాలంటే కూలి కూడా గిట్టదు. నిప్పులోకి పోయేవి ఎక్కువగా అవే.

2020 మార్చిలో, కరోనా భయంతో లండన్‌లో టన్ను రాగి 5,000 డాలర్ల కిందికి పడింది. 2021 మే నెలకు 10,000 దాటింది. 2018లో తూత్తుకుడి స్టెర్లైట్ కర్మాగారం మూతపడ్డాక మన దేశం రాగి అమ్మే స్థానం నుంచి కొనే స్థానానికి వచ్చింది కూడా. సేఠు దుకాణం ముందు ఆటోలు వరస కట్టిన రోజులవి. లాక్‌డౌన్ తర్వాత ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ కొలువు పోయిన మా బామ్మర్ది, ఆ వరస చూసే సెకండ్ హ్యాండ్‌లో వైర్లను రవ్వగా తరిగి రాగిని వేరుచేసే ఒక చిన్న గ్రాన్యులేటర్ మిషన్ కొన్నాడు. 

"బావా, మోటారు సంగతి నువ్వు చూడు. మిగిలినదంత నేను జూసుకుంట" అన్నాడు.

అలా ఆ మిషన్ పక్కన నిలబడే అవకాశం నాకు వచ్చింది. చూడటానికి పెద్ద బీరువా అంత ఉంటుంది. పైన గరాటులో జానెడు ముక్కలుగా నరికిన వైర్లు వేస్తాం. లోపల ఇరుసు మీద బ్లేడ్లు తిరుగుతుంటాయి, వాటికి ఎదురుగా కదలని బ్లేడ్లు ఉంటాయి. రెండింటి మధ్య సందు వెంట్రుక మందమే. ఆ సందులో నలిగి తెగిన వైరు, కింద ఉన్న జాలి రంధ్రం పట్టేంత చిన్నదయ్యేదాకా బయటికి రాదు. జాలి దాటాక రాగి, ప్లాస్టిక్ కలిసిన రవ్వ ఒక వాలు బల్ల మీద పడుతుంది. బల్ల అదురుతుంటుంది, దాని చిల్లుల్లోంచి కింది నుంచి గాలి కొడుతుంటుంది. రాగి నీటికి దాదాపు తొమ్మిది రెట్లు బరువు. పీవీసీ ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. తేలికైన ప్లాస్టిక్ గాలికి లేచి వాలులోకి జారిపోతుంది. బరువైన రాగి బల్లను అంటిపెట్టుకుని, అదురుకు మెల్లగా ఎత్తువైపు ఎక్కుతుంది. మా అమ్మ చేటలో బియ్యం చెరిగిన లెక్కే, కాకపోతే ఇక్కడ చేటను కరెంటు ఊపుతుంది.

మొదటిరోజు బల్ల మాట వినలేదు. గాలి ఎక్కువ పెడితే వెంట్రుకల్లాంటి సన్న రాగి కూడా లేచి ప్లాస్టిక్‌తో పోయింది. తగ్గిస్తే ఎర్ర గింజల మధ్య నల్ల తొక్కలు మిగిలాయి. మా వాడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక కాలి కింద వాషర్ పెట్టి వాలు మారుస్తాడు, బ్లోయర్ మూత వేలెడంత తెరుస్తాడు, మళ్లీ పిడికెడు రవ్వ పోస్తాడు. ప్లాస్టిక్‌లోకి ఎంత రాగి పోతోందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పద్ధతి పట్టాడు. బేసిన్‌లో నీళ్లు పోసి, చుక్క సబ్బు కలిపి, పిడికెడు తొక్కలు వేసి చేత్తో తిప్పి మెల్లగా వంచేవాడు. పైన ఉన్నదంతా కొట్టుకుపోయాక అడుగున ఎర్ర గీత మిగిలితే అది ఆ పూట నష్టం. ఆ గీత సన్నబడేదాకా మా వాడు అన్నానికి లేవలేదు.

ఏది వేస్తే ఎంత వస్తుందో లెక్క మాత్రం నా వంతు. ఇంట్లో లైట్లకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 90 మీటర్ల చుట్టలో 1.2 కిలోల రాగి ఉంటుంది. ప్లగ్గులకు వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల చుట్టలో 2 కిలోలు. ఇలాంటివి మిషన్‌లో వేస్తే చూడముచ్చటగా ఉండేది. చార్జర్ తీగలు గుట్టగా వేసినా చివరికి దోసెడే మిగిలేది, మిగిలినదంతా తొక్క. కొన్నిటిలో అసలు రాగే లేదు, అల్యూమినియం తీగకు రాగి పూత పూశారు. ఆకురాయితో ఒక్కసారి గీకితే లోపల తెల్లగా బయటపడేది. అలాంటిది గుప్పెడు కలిసినా మూట ధర పడిపోతుంది.

ఎక్కువ తిప్పలు పెట్టింది పాత టెలిఫోన్ కేబుల్. భూమిలో నీళ్లు దిగకుండా ఆ కేబుల్ నిండా జెల్లీ నింపుతారు. ల్యాండ్‌లైన్లు పోయి ఫైబర్ వచ్చాక అది స్క్రాప్‌లోకి బాగా వచ్చింది. లోపల సన్న రాగి జతలు వందల్లో ఉంటాయి కాబట్టి ఆశ పడతారు. మిషన్‌లో వేయగానే జెల్లీ బ్లేడ్లకు పూసుకుని, జాలి రంధ్రాలు మూసుకుపోయి, మోటారు మూలుగుతూ ఆంపియర్లు పైకి పోయాయి. మెయిన్ కట్టేసి, జాలి ఊడదీసి, గుడ్డతో తుడుస్తూ ఇద్దరం ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాం. ఎండాకాలం ఇంకో గొడవ. రేకుల షెడ్డులో మే నెల వేడికి పీవీసీ మెత్తబడి, తెగడానికి బదులు సాగేది. అందుకే తెల్లవారుజామునే మొదలుపెట్టేవాడు. అప్పుడు పక్కింటి ముసలమ్మ తలుపు తీసుకుని వచ్చి, "బిడ్డా, ఈ లొల్లి ఎప్పుడు బందువెడ్తవ్?" అని అడిగేది.

ఆమె అడిగింది చప్పుడు గురించి. నాకు భయం దుమ్ము గురించి. మన దగ్గర పాత వైర్ల పీవీసీ చెడకుండా సీసం కలిపేవారు. మంట లేకపోయినా, ఆ తొక్క నలిగినప్పుడు లేచే సన్న పొడిలో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడుకు చేసే హాని చిన్నది కాదు. మా బామ్మర్ది మొదట మూతికి రుమాలు కట్టుకున్నాడు. నేను పట్టుబట్టాక ఎన్-95 మాస్కు, మిషన్‌కు దుమ్ము సంచి, పని బట్టలు షెడ్డులోనే విప్పి ఇంటికి పోవడం మొదలయ్యాయి.

గింజలు తీసుకెళ్తే సేఠు ముందు ముఖం చిట్లించాడు. "తీగ అయితే కంటికి కనబడ్తది. గింజల్ల ఏం కలిసిందో ఎవ్వనికెరుక?" అంటూ చిటికెడు గింజలు రేకు మీద పోసి గ్యాస్ టార్చి పెట్టాడు. పొగ లేస్తే ప్లాస్టిక్ మిగిలినట్టు. ఆ రోజు లేవలేదు. అయినా మిల్‌బెర్రీ ధర ఇవ్వలేదు, కాల్చిన రాగి కంటే మాత్రం ఎక్కువే ఇచ్చాడు. నాకు ఆ లెక్క అన్నిటికన్నా నచ్చింది. ఎందుకంటే కాల్చేవాడిని ఆపేది నీతి మాట కాదు, కాంటా మీద వచ్చే తేడా.

అయినా ఆ మిషన్ ఇళ్ల మధ్య నిలవలేదు. తొక్క ఉన్న రాగి వైరు, జెల్లీ కేబుల్ రెండూ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో పేరు పెట్టి రాసినవే. వాటిని శుద్ధి చేయాలంటే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. కంప్యూటర్, ఫోన్ లాంటి వాటి తీగలకు ఈ-వ్యర్థాల చట్రం వేరే ఉంది, 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు నడుస్తున్నాయి. రేకుల షెడ్డులో ఒంటరి మనిషికి ఆ కాగితాలు అయ్యే పని కాదు. మా వాడు మిషన్‌ను అనుమతి ఉన్న ఒక యూనిట్‌కు ఇచ్చేసి, అక్కడే పనిలో చేరాడు. అక్కడ దుమ్ము పీల్చే గొట్టాలున్నాయి, ఇనుప ముక్కల్ని లాగే అయస్కాంతముంది, జెల్లీ కేబుల్‌కు వేరే వరస ఉంది. షెడ్డులో మిగిలిన తొక్కల బస్తాలను రంగులు, రకాలు కలిసిపోయాయని ఎవరూ కొనలేదు. అవి కూడా ఆ యూనిట్‌కే పంపాం.

ఇంత దగ్గర నుంచి చూశాక నా తీర్పు ఇది. చిన్న మిషన్ పొగను ఆపుతుంది, దుమ్మును ఆపదు. దానికి తగిన జాగా, అనుమతి, తొక్కలు తీసుకునే చోటు ఉంటేనే అది మంచి పని అవుతుంది. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000, పెద్దఎత్తున కాల్చితే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. రాత్రి పదికి ఆ జరిమానా రాసే మనిషి మాత్రం అక్కడ ఉండడు.

కాబట్టి మన వంతు మనం చేయాలి. ఇంటి వైరింగు మార్పిస్తే పాత వైరును ఎలక్ట్రీషియన్ చేతిలో ఊరికే పెట్టేయకండి. లావుది తొక్క తీయించి అమ్మండి, ధర కూడా ఎక్కువ వస్తుంది. చార్జర్లు, ఫోన్ తీగలు, కంప్యూటర్ తీగలు ఈ-వ్యర్థాలు తీసుకునే నమోదైన చోట ఇవ్వండి. ఫ్యాక్టరీలో స్క్రాప్ వేలం వేసే అధికారులైతే, కొనేవాడి అనుమతి కాగితం చూశాకే లారీ గేటు దాటనివ్వండి. ఆ ఒక్క కాగితం అడిగితే మా బెల్టులో సగం మంటలు అంటుకోవు.